మధ్యలో నిలబెట్టిన బిడ్డ

ధ్యాన భాగము: మార్కు 9:33–37



ఈ వారం వాక్యానికి ముందు మన పేట సంగతి ఒకటి చెప్పాలి. మన అంగన్‌వాడీ నడుస్తున్న అద్దె గదిని ఇంటాయన ఖాళీ చేయమన్నారు. కొడుకు పెళ్లి కుదిరింది, ఆ గది వాళ్లకు కావాలి. ఆయన్ని అనడానికి ఏమీ లేదు. సంక్రాంతి లోపు ఇంకో చోటు చూసుకోవాలి. టీచరమ్మ వచ్చి, "అయ్యగారూ, చర్చి హాలు వారమంతా తాళం వేసే ఉంటుంది కదా, మా పిల్లలకు ఇస్తారా?" అని అడిగింది. సంఘ పెద్దల్లో కొందరు వెంటనే ఇద్దామన్నారు. కొందరు, ప్రాథమిక పాఠశాలలో ఒక గది ఖాళీగా ఉంది, అక్కడికి వెళ్లడం మంచిదన్నారు. ఇద్దరు తల్లులు మాత్రం, "ఎక్కడ పెట్టినా మా పిల్లల్ని పంపం అయ్యగారూ, కాన్వెంటు వ్యాను మాట్లాడుకున్నాం" అని తేల్చేశారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా కూర్చుని మన మాట ఏమిటో చెప్పాలి.

చూడకుండా మాట్లాడకూడదు కదా. అందుకని సూపర్‌వైజరు గారిని అడిగి, ఈ మూడు వారాల్లో మన చుట్టుపక్కల నాలుగు అంగన్‌వాడీలు, ఒక కాన్వెంటు నర్సరీ చూసి వచ్చాను. తప్పులు పట్టడానికి వెళ్లలేదు. ఒక్కో చోట ఒక పూట కూర్చున్నాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను, మీరు ఆలోచించుకోండి.

ముందు ఒక మాట. అంగన్‌వాడీ అంటే గుడ్లూ పాలూ పంచే చోటు అని మనలో చాలామంది అనుకుంటాం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన ఈ పథకంలో ఆరు పనులు ఉన్నాయి: పోషకాహారం, 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు బడికి ముందరి చదువు, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యం గురించి చెప్పడం. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం 3 నుంచి 6 ఏళ్ల బిడ్డకు పొద్దున అల్పాహారం, మధ్యాహ్నం వేడి భోజనం అందాలి. ఇది ఎవరో దయతలచి పెట్టేది కాదు, బిడ్డ హక్కు. కాబట్టి ఏ సెంటరుకు వెళ్లినా నేను మూడే చూశాను: బిడ్డ తింటున్నాడా, బిడ్డతో ఎవరైనా మాట్లాడుతున్నారా, బిడ్డ పెరుగుతున్నాడా లేదా అని ఎవరైనా కొలుస్తున్నారా.

మొదటిది ఊళ్లో ఉన్న సెంటరు. సొంత భవనం. గోడల మీద పండ్లు, జంతువులు, అక్షరాలు రంగుల్లో వేశారు. పిల్లలకు సరిపోయేంత చిన్న మరుగుదొడ్డి ఉంది, కుళాయి ఉంది. రికార్డులు అద్దంలా ఉన్నాయి. కానీ నేను వెళ్లిన రోజు ఉన్నది ఆరుగురే. ఊళ్లో కలిగినవాళ్ల పిల్లలందరూ వ్యానెక్కి పట్నం పోతున్నారు. ఆ ఆరుగురూ గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నారు. టీచరు గారు ఫోనులో పోషణ్ ట్రాకర్ నింపుకుంటున్నారు. ఆమెను తప్పు పట్టలేను, సిగ్నలు వచ్చినప్పుడే ఆ పని చేసుకోవాలి. పిల్లలు మాత్రం పూటంతా చాలా బుద్ధిగా, చాలా నిశ్శబ్దంగా ఉన్నారు.

రెండోది మన పేటది. మీ అందరికీ తెలిసిన గదే. ఒకే కిటికీ. వాన పడితే వంట ఆగిపోతుంది. మరుగుదొడ్డి లేదు. కానీ గుమ్మం దగ్గరికి వెళ్లేసరికే లోపల సందడి వినిపించింది. టీచరమ్మ చింతగింజలు పోసి, "నీకెన్ని వచ్చాయి రా? చెల్లికి రెండిస్తే నీ దగ్గరెన్ని ఉంటాయి?" అని అడుగుతోంది. ఒక చిన్నది, రాత్రి వాళ్లింట్లో మేక ఈనిన కథ మొదలుపెట్టింది. టీచరమ్మ ఎక్కడా అడ్డు రాలేదు. "తర్వాత?" "పిల్ల ఏం రంగు?" అని అడుగుతూ ఆ కథను పూర్తిగా చెప్పించింది. నేను చూసిన అన్నిచోట్లలో పిల్లలు అంతసేపు మాట్లాడింది ఈ చీకటి గదిలోనే. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే పునాది దశ అని చెప్పి, ఆటతో, ఇంటి భాషతో చదువు సాగాలని రాసింది. ఆ కాగితం చదివినా చదవకపోయినా మన టీచరమ్మ చేస్తున్నది అదే.

మూడోది చేలకు దగ్గరగా ఉన్న చిన్న పల్లెలోని మినీ సెంటరు. అక్కడ హెల్పరు ఉండదు. వంట, చదువు, బరువులు, రికార్డులు అన్నీ ఒక్కమ్మే. మిరప కోతలు మొదలైతే ఇంకో కష్టం. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చే కుటుంబాలు చేల పక్కన పట్టాలు కప్పుకుని ఉంటాయి. వాళ్ల పసిపిల్లలు మిరపకల్లాల మధ్య, ఆ ఘాటులోనే ఆడుకుంటూ ఉంటారు. ఆ పిల్లల పేర్లు ఎక్కడో వాళ్ల సొంత ఊరి రిజిస్టరులో ఉంటాయి. బిడ్డ మాత్రం ఇక్కడ ఉంటాడు. పోయిన కోతల్లో ఈ అమ్మ వాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టుకుందట. "ఆకలికి ఏ ఊరని అడుగుతామండీ" అంది. నేను ఏమీ అనలేకపోయాను.

నాలుగోది పక్క ఊళ్లో, ప్రాథమిక పాఠశాల ఆవరణలోనే ఉన్న సెంటరు. నేల పగిలి ఉంది. పెద్ద పిల్లల గోలకు చిన్నపిల్లలు మధ్యాహ్నం సరిగ్గా పడుకోలేరు. కానీ ఇక్కడ రెండు సంగతులు మిగతాచోట్ల చూడలేదు. మూడో తరగతి అక్క, నాలుగో తరగతి అన్న తమ వెంట చెల్లినీ తమ్ముణ్ణీ చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నారు. అందువల్ల మానేసేవాళ్లు తక్కువ. రెండోది, ఆ ఊరి పిల్లలు, ఆ పేట పిల్లలు ఒకే వరసలో కూర్చుని ఒకే గిన్నెలోని పప్పన్నం తింటున్నారు. ఎవరు ఎవరి బిడ్డో నాకు తెలియలేదు. అడగనూ లేదు.

ఇక కాన్వెంటు. న్యాయంగా చెప్పాలి. గదులు శుభ్రంగా ఉన్నాయి. టై, బెల్టు, డైరీ ఉన్నాయి. పాఠం చెప్పే అమ్మాయి ఓపికైన పిల్ల. కానీ మూడేళ్ల పిల్లలు ముప్పైమంది పైగా ఒక గదిలో బల్లల మీద కూర్చుని గీతల కాపీలు నింపుతున్నారు. తమకు అర్థం కాని భాషలో పాట కలిసి అప్పజెప్పారు. తర్వాత నేను ఒక బాబును, "నీ పేరేంటి నాన్నా, ఏం తిన్నావు?" అని తెలుగులో అడిగితే, వాడు ముందు టీచరు ముఖం వైపు చూశాడు.

ఆ ఇద్దరు తల్లుల ఆశను నేను చిన్నచూపు చూడను. ఇంగ్లీషు రాకపోవడం వల్ల తాము ఎక్కడెక్కడ తల వంచుకున్నారో వాళ్లకు తెలుసు. పైగా కోతలకు పోయే కూలి తల్లి తెల్లవారే చేలో ఉండాలి. అంగన్‌వాడీ 9 గంటలకు తెరుస్తారు. ఆ మధ్య గంటల్లో బిడ్డను ఎవరికి అప్పగించాలి? వ్యాను గుమ్మం ముందుకే వస్తుంది. ఇది నిజమైన ఇబ్బంది. "అంగన్‌వాడీకే పంపండి" అని వేదిక మీది నుంచి చెబితే తీరేది కాదు.

అయితే ఆ తల్లులకు ఒకటి చెప్పాలి. కాన్వెంటులో బిడ్డ బరువు, ఎత్తు ఎవరూ చూడటం లేదు. అంగన్‌వాడీలో నెలనెలా తూచి కార్డులో చుక్క పెడతారు. ఆకుపచ్చ గీతల మధ్య ఉంటే ఫర్వాలేదు. పసుపులోకి జారితే జాగ్రత్తపడాలి. ఎరుపుకు వస్తే ఆసుపత్రికి పంపాలి. అయిదేళ్ల లోపు బిడ్డ దండకు ఒక పట్టీ చుడతారు. కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే అది తీవ్రమైన పోషణ లోపం. మన కంటికి "సన్నగా ఉన్నాడు, వాళ్ల నాన్న పోలిక" అనిపించిన బిడ్డ ఆ పట్టీలో ఆపదలో ఉన్న బిడ్డగా తేలవచ్చు.

లూకా 2:52లో బాలుడైన యేసు ఎదుగుదల గురించి రాసిన మాట గుర్తు చేసుకోండి. మన బైబిలులో వయస్సు అని ఉన్నచోట మూలభాషలోని మాటకు శరీరపు ఎత్తు అనే అర్థం కూడా ఉంది. లోకరక్షకుడు ఎంత పెరిగాడన్నది కూడా లేఖనము వదిలిపెట్టలేదు. హన్నా ఏటేటా సమూయేలుకు చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదని 1 సమూయేలు 2:19లో ఉంది. బిడ్డ కళ్లెదుట లేకపోయినా ఈ ఏడు ఎంత పొడవు కుట్టాలో ఆ తల్లి లెక్క వేసుకుని ఉంటుంది. బిడ్డను కొలవడం కూడా ప్రేమే.

ఇప్పుడు టీచర్ల మాట. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు సమ్మెకు దిగారు. అది 42 రోజులు సాగింది. అప్పుడు టీచరుకు నెలకు 11,500 రూపాయలు, హెల్పరుకు 7,000 రూపాయలు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఆ మాట చెప్పించుకోవడానికి కూడా కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. సమ్మె రోజుల్లో మనలో కొందరు విసుక్కున్నారు. నిర్గమకాండము 2:9 చదవండి. ఫరో కుమార్తె ఆ పసివాణ్ణి పెంచమని అప్పగిస్తూ, జీతం ఇస్తానని తనే ముందుగా చెప్పింది. పెంచేది కన్నతల్లి అని ఆమెకు తెలియదు. బిడ్డను పెంచడం పని అనీ, పనికి కూలి ఉంటుందనీ మాత్రం ఆమెకు తెలుసు. అన్యురాలైన రాజకుమారి పాటి ఇంగితం మనకూ ఉండాలి.

ఇక హాలు సంగతి.

పల్లెటూరి పాస్టర్లకు ఈ పని కొత్త కాదు. ఫ్రాన్సు దేశపు తూర్పున కొండల్లో వాల్డర్స్‌బాక్ అనే పేద పల్లెకు 1767లో జాన్ ఫ్రెడరిక్ ఓబెర్లిన్ గారు పాస్టరుగా వచ్చారు. 1826లో కన్నుమూసే వరకు అక్కడే ఉన్నారు. తల్లిదండ్రులు పొలాల్లో ఉంటే పసిపిల్లలు దారుల్లో తిరిగేవారు. సారా బాన్జే అనే పల్లెపిల్ల వాళ్లను పోగుచేసి అల్లిక నేర్పుతూ కబుర్లు చెప్పేది. ఓబెర్లిన్ గారు ఆ పనికి అండగా నిలిచి, లోయలోని పల్లెలకు వ్యాపింపజేశారు. లూయిజ్ షెప్లర్ అనే మరో పల్లె స్త్రీ ఎన్నో ఏళ్లు ఆ పరిచర్యలోనే గడిపింది. మన దేశంలో తారాబాయి మోడక్ గారు 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో పేద పిల్లల కోసం బాలవాడీ మొదలుపెట్టారు. పిల్లలు బడి దాకా రాలేకపోతే వాళ్ల వాకిలిలోనే బడి పెట్టాలన్నది ఆమె ఆలోచన. అంగన్ అంటే వాకిలే.

ఇవి చదివితే హాలు ఇచ్చేద్దాం అనిపిస్తుంది. నాకూ ముందు అదే అనిపించింది. మన హాలు గాలీ వెలుతురూ ఉన్నది. పక్కనే మరుగుదొడ్డి, బోరు ఉన్నాయి. మన పేట పిల్లలకు నాలుగడుగుల దూరం. శుక్రవారం ఉపవాస కూడికను సాయంత్రానికి మార్చుకుంటే సరిపోతుంది. గోడ మీది వాక్యాల గురించి ఒకరు అడిగారు. ప్రభుత్వ సొమ్ముతోనే నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. మనం దాన్ని గౌరవించాలి. అంగన్‌వాడీ గంటల్లో అక్కడ పాట, ప్రార్థన, బోధ ఏదీ ఉండకూడదు. పెద్దల్లో ఒకరు, "మన హాలులో కూర్చుని మన దేవుని మాట చెప్పకపోతే ఎలా అయ్యగారూ?" అన్నారు. పసివాడికి పెట్టే గుడ్డుతోపాటు మన మాట కూడా మింగించాలని చూస్తే, ఆ గుడ్డు దానం అవదు, ఎర అవుతుంది. దాహానికి ఇచ్చే గిన్నెడు నీళ్లకు ప్రభువు ఇంకే షరతూ పెట్టలేదు.

షరతులన్నీ ఒప్పుకున్నా ఒక ప్రశ్న మిగిలింది. హాలులో పెడితే ఎవరి పిల్లలు వస్తారు? మన పిల్లలు వస్తారు. ఊరి పిల్లలు రారు. చర్చి అని కొందరు, పేట అని కొందరు ఆగిపోతారు. ఊళ్లో రంగుల భవనంలో ఆరుగురు, పేటలో మన హాలు నిండా మనవాళ్లు. రెండు బడులూ బాగానే నడవవచ్చు. నడిచి, మూడేళ్ల పిల్లలకు మనం నేర్పే మొదటి పాఠం ఏమవుతుంది? నీ చోటు ఇటు, వాడి చోటు అటు అని.

మార్కు 9లో శిష్యులు దారి పొడవునా తమలో ఎవరు గొప్ప అని వాదించుకుంటూ కపెర్నహూముకు వచ్చారు. ప్రభువు ఇంట్లో కూర్చుని ఒక బిడ్డను తీసుకుని వాళ్ల మధ్యలో నిలబెట్టాడు. ఆ తర్వాతే ఎత్తుకున్నాడు. ఆ బిడ్డ పేతురు కొడుకో, పొరుగింటి బిడ్డో, పనిమనిషి బిడ్డో సువార్తికుడు రాయలేదు. ఏ శిష్యుడి పక్కనా నిలబెట్టలేదు, అందరికీ ఎదురుగా నిలబెట్టాడు. ఆ బిడ్డను చేర్చుకుంటే తన్నే చేర్చుకున్నట్టు అన్నాడు.

మన ప్రాథమిక పాఠశాల ఊరికీ పేటకూ మధ్యలో ఉంది. అక్కడ ఒక గది ఖాళీగా ఉంది. నేను వెళ్లి చూశాను. నేల గుంటలు పడింది, కిటికీ రెక్క ఊడింది, చిన్నపిల్లలకు మరుగుదొడ్డి లేదు. ప్రధానోపాధ్యాయులు గారు, "పై అధికారులు ఒప్పుకుంటే నాకు సంతోషమే" అన్నారు. పక్క ఊరి సెంటరులో అన్నల చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లల్ని చూసి వచ్చాక నా మనసు ఆ గది వైపే మొగ్గుతోంది. హాలు ఇవ్వడం మనకు సులువు. అది మన పేరు మీదే ఉంటుంది, మన గుమ్మం ముందే కనబడుతుంది. బడి గది బాగుచేస్తే అది మనది కాదు, మన పేరు దాని మీద ఉండదు. అయినా అదే మేలని నేను అనుకుంటున్నాను.

ఇందులో కష్టాలు ఉన్నాయి. మన పిల్లలు రోడ్డు దాటాలి. ట్రాక్టర్లు, ఇసుక లారీలు తిరిగే రోడ్డు అది. మూడేళ్ల బిడ్డకు అక్క లేకపోతే ఎవరు తీసుకెళ్తారు? అందుకు మన నాయనమ్మలను, అమ్మమ్మలను అడుగుతున్నాను. ఇద్దరిద్దరు చొప్పున వారానికి ఒక జట్టు. పేట చివర చింతచెట్టు దగ్గర పిల్లలందరినీ పోగుచేసి, తాడు పట్టించి, రోడ్డు దాటించి గదిలో అప్పగించి రావాలి. ఇది సంఘము చేయగలిగిన పని. కోతల కాలంలో పొద్దున 6 నుంచి 9 వరకు కూలి తల్లుల పిల్లల్ని ఉంచుకోవడానికి మాత్రం మన హాలు తెరుద్దాం. అది అంగన్‌వాడీ కాదు, సంఘము తన పొరుగువారికి చేసే సాయం. కర్నూలు వైపు నుంచి వచ్చే కుటుంబాల బిడ్డలకు కూడా ఆ తలుపు తెరిచే ఉండాలి. వ్యానుకు మాట ఇచ్చిన ఆ ఇద్దరు తల్లుల ఇబ్బంది కూడా దీనితో కొంత తీరుతుంది. తర్వాత వాళ్ల నిర్ణయం వాళ్లది.

దూరాన ఉన్న మన బిడ్డలు డబ్బు పంపుతామని అడుగుతున్నారు. సంఘము తీర్మానించి, అధికారుల అనుమతి వచ్చేదాకా ఆగండి. అప్పుడు లెక్క రాసి చెబుతాను: నేలకు ఎంత, కిటికీకి ఎంత, మరుగుదొడ్డికి ఎంత. శిలాఫలకం మాత్రం వేయించం.

ఆదివారం అందరూ రండి. హాలే ఇవ్వాలని అనుకునేవారు కూడా రండి, వాళ్ల మాటా వినాలి. రాకముందు ఒక పని చేయండి. ఈ వారంలో ఏదో ఒక పొద్దున మన టీచరమ్మ గదికి వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. మీ బిడ్డ ఆ వయసు దాటిపోయినా సరే. కార్డులో చుక్క ఎక్కడ ఉందో అడగండి. పప్పు రుచి చూడండి. ఆ మేకపిల్ల కథ ఇంకా సాగుతూనే ఉంటే వినండి.

ప్రార్థన చేద్దాం.

ప్రేమగల తండ్రీ, మా ఊళ్లోనూ, మా పేటలోనూ, చేల పక్కన పట్టాల కింద నిద్రపోయే పసిబిడ్డలందరినీ నీకు అప్పగిస్తున్నాము. వాళ్లకు అన్నం వండే చేతులను, వాళ్ల మాటలు ఓపికగా వినే టీచర్లను దీవించు. వాళ్ల కష్టానికి తగిన కూలి వాళ్లకు దక్కనివ్వు. ఇచ్చేటప్పుడు మా పేరు వెతుక్కోని మనసు మాకు దయచేయి. ఆదివారం మేము కూర్చుని మాట్లాడేటప్పుడు, నీవు ఆనాడు నిలబెట్టినట్టే, మా మధ్యలో ఒక బిడ్డను నిలబెట్టు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.